మసకైనా ఆగని బొమ్మ

నెట్‌వర్క్ నడిచినన్నాళ్ళూ మనమొకళ్ళం ఉన్నామని ఎవరికీ గుర్తుండదు. అది ఆగిన రోజున మాత్రం పెద్దాఫీసు నుంచి టీ కొట్టు దాకా అందరికీ మన ఫోన్ నంబరు తెలిసిపోతుంది. బస్తర్‌లో నా ఉద్యోగమంతా అలాగే గడిచింది. కేబుళ్ళు పాతించాను, టవర్లు ఎక్కాను, తిట్లు తిన్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు అడుగుతుంటారు, మీకు బాగా గుర్తున్న రోజేదని. టవరు కూలిన రోజో, వరదలో కేబుల్ కొట్టుకుపోయిన రోజో చెబుతానని వాళ్ళ ఊహ. నాకు గుర్తొచ్చేది మాత్రం ఇప్పపూల కాలంలో ఒక చిన్న ఆసుపత్రి గదిలో గడిపిన పగలు. ఆ రోజు నేను పొడిచేసిందేమీ లేదు. నా చుట్టూ ఉన్నవాళ్ళు చేసింది చూశాను, అంతే. చెప్పాలనిపించేదీ అందుకే.

మా నాన్న విజయనగరం వైపు నుంచి కిరందుల్ గనుల్లో పనికి వచ్చాడు. నేను అక్కడే పుట్టాను. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, బజార్లో హల్బీ. టెలిఫోన్ల శాఖలో చేరాను. ఉద్యోగం చివరికొచ్చేసరికి నన్ను ఆరోగ్య శాఖ వాళ్ళకు అప్పగించారు. జగదల్‌పూర్‌లో ఉండే పెద్ద డాక్టర్లు అడవి ఊళ్ళ ఆసుపత్రుల్లోని రోగులను తెర మీద చూసి సలహా చెప్పాలి. ఆ ఏర్పాటు నడిపే బాధ్యత ఇద్దరిది. వైర్లు, యాంటెన్నాలు నావి. సాఫ్ట్‌వేర్ ఒక అమ్మాయిది.

తోంగ్‌పాల్ ఊరి అమ్మాయి ఆమె. నా కూతురి వయసు. మా వైపు పెద్దవాళ్ళను పిలిచినట్టు నన్ను దాదా అనేది. ఒప్పంద ఉద్యోగం, జగదల్‌పూర్ ఆఫీసులో మెట్ల కింద చిన్న గది, అందులో ఫ్యాను కూడా సరిగా తిరిగేది కాదు. మిగతావాళ్ళు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పి వారపత్రిక తిరగేసినట్టు, ఆమె ఎవరెవరో ఎక్కడెక్కడో రాసుకున్న చర్చలు చదువుకునేది. ఏం చదువుతున్నావమ్మా అని అడిగితే తెర నా వైపు తిప్పింది.

"మనం వాడే సాఫ్ట్‌వేర్ వీళ్ళు రాసిందే దాదా. బ్రౌజర్‌లోనే మాట, బొమ్మ అప్పటికప్పుడు వెళ్ళిపోతాయి. కోడ్ అంతా బయటే పెట్టారు. ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు. ఇదుగో, ఇక్కడ పోట్లాడుకుంటున్నారు చూడు."

"దేనికి పోట్లాట?"

"ప్రతిదానికీ!" అని నవ్వింది.

ఆ పోట్లాటల విలువ నాకప్పుడు తెలియలేదు. నాకు నచ్చింది వేరే సంగతి. అవతలి మనిషి ఫోన్లో కొత్తగా ఏదీ ఎక్కించనక్కర్లేదు. ఒక లింకు పంపితే చాలు, దాన్ని తాకితే మాట్లాడుకోవడమే. ఒక యాప్ దిగడానికి ఒక పూట పట్టే ఊళ్ళలో తిరిగినవాడికి ఆ సుఖం తెలుస్తుంది.

మొదటి పరీక్ష మాత్రం నవ్వులపాలైంది. పెద్దాఫీసరు ఒకాయన జగదల్‌పూర్‌లో కూర్చుని ఉపన్యాసం మొదలుపెట్టారు. ఇవతల ఆసుపత్రిలో ఆయన బొమ్మ నోరు తెరిచినచోట ఆగిపోయింది. మాట కూడా పోయింది. ఆయన ఎంతసేపు మాట్లాడారో మాకు తెలియదు కానీ, ఆ తెరిచిన నోటిని మేమంతా చాలాసేపు భక్తిగా చూస్తూ కూర్చున్నాం.

ఆ తర్వాత అందరం కలిసి ఒక నిర్ణయం తీసుకున్నాం. లైను బలహీనపడితే ముందు బొమ్మను ఆపేయాలి, మాటను కాపాడాలి. డాక్టరుకు రోగి మాట వినపడితే సగం పని అయినట్టే కదా. డాక్టర్లు సరేనన్నారు, నర్సులు సరేనన్నారు, నేనూ తలూపాను. ఆ అమ్మాయి కోడ్‌లో అలాగే రాసింది. లైను సన్నబడగానే బొమ్మ పోయి బూడిదరంగు గడి వచ్చేది. మాట మాత్రం నడిచేది. చాలా రోజులు అది మా పరువు కాపాడింది.

ఆవపల్లి దారిలో ఉండే చిన్న ఆసుపత్రి మా ఏర్పాటులో చివరి కొస. అక్కడి నర్సు సరిహద్దు తెలుగావిడ. తెలుగు, దోర్లీ, గోండీ, హిందీ నాలుగూ ఆవిడ నోట్లో కలిసిమెలిసి ఉండేవి. ఎవరు ఏ భాషలో మూలిగినా ఆవిడకు అర్థమయ్యేది. ఆ రోజు నేను బ్యాటరీలు మార్చడానికి అక్కడికి వెళ్ళాను. నిచ్చెన దిగుతుండగా అంబులెన్సు వచ్చి ఆగింది.

ఒక నిండు చూలాలిని దింపారు. అడవి బాటలో పడిపోయి ఉంటే అటుగా పోతున్నవాళ్ళు చూసి, మంచం మీద మోసుకొచ్చి, రోడ్డు దగ్గర అంబులెన్సు ఎక్కించారట. వాళ్ళకు ఆమె ఎవరో తెలియదు. నర్సు తనకొచ్చిన నాలుగు భాషల్లోనూ అడిగింది. ఆమె నర్సు పెదవుల వైపు చూసింది, తల అడ్డంగా ఊపింది, చెవి మీద చెయ్యి పెట్టుకుంది.

"అన్నా, ఈమెకు వినపడదు. మాట కూడా లేదు," అంది నర్సు నాతో. ఆవిడ గొంతులో కంగారు నేను వినడం అదే మొదలు.

బీపీ చూస్తే చాలా ఎక్కువుంది. జగదల్‌పూర్ డాక్టరమ్మను తెర మీదికి పిలిచాం. ఈలోపు మంచం మీది మనిషి ఆగకుండా చేతులతో ఏదో చెబుతోంది. అరచేతిని మోకాలి దగ్గర ఆనించినట్టు పెడుతుంది. తర్వాత తల పక్కకు వాల్చి చెంప కింద చెయ్యి పెడుతుంది. తర్వాత వేళ్ళన్నీ పైకెత్తి కళ్ళ ముందు రెపరెపలాడిస్తుంది. మళ్ళీ మొదటినుంచి అదే.

నర్సు అది చూసి డాక్టరమ్మకు చెప్పింది. "మోకాళ్ళు చూపిస్తాంది మేడం, కాళ్ళ వాపు. తలనొప్పి. కండ్ల ముందట మెరుపులు."

"అన్నీ సరిపోతున్నాయి," అంది డాక్టరమ్మ. "ఆలస్యం చేస్తే మూర్ఛ వస్తుంది. ఇంజెక్షన్ ఇచ్చి వెంటనే బీజాపూర్ జిల్లా ఆసుపత్రికి పంపించండి. ఆపరేషన్ చేయాలి. నేను అక్కడివాళ్ళకు చెబుతాను."

జబ్బు విషయంలో వాళ్ళిద్దరూ నూటికి నూరుపాళ్ళు సరిగ్గా చెప్పారు. కానీ ఆమె చెప్పేది అది కాదు.

సూది చూడగానే ఆమె నర్సు చెయ్యి తోసేసింది. స్ట్రెచర్ మీదికి ఎక్కించబోతే మంచం పట్టె పట్టుకుని వదల్లేదు. అంబులెన్సు డ్రైవరు, నేను, నర్సు, ముగ్గురం ఉన్నాం. పట్టుకుని ఎక్కించడం కష్టమేమీ కాదు. డ్రైవరు ఆ మాట అననే అన్నాడు. నర్సు అతణ్ణి ఆపింది.

"బీపీ గంతున్న మనిషితోని పెనుగులాడుతవా? ఊకో. ఈమె ఊకనే మొండికేస్తలేదు. ఏందో ఉంది."

ఇందాకటిదాకా అన్నీ అర్థమయ్యాయనుకున్న మనిషి, తనకు అర్థం కాలేదని అంత తొందరగా ఒప్పుకోవడం నేను చాలా తక్కువమందిలో చూశాను. ఆవిడ వెంటనే ఆమె ఫొటో తీసి చుట్టుపక్కల ఊళ్ళ మితానిన్లకు పంపింది. మితానిన్లంటే మా దగ్గర ఊరూరా ఉండే ఆరోగ్య కార్యకర్తలు. కాసేపటికి ఒకామె ఫోన్ చేసింది.

"మా ఊరామెనే అక్కా. పెనిమిటి నగర్‌నార్ ఉక్కు ఫ్యాక్టరీల పనికి పోయిండు, ఫోనెత్తడు. ఈమె చేతుల మాట వాళ్ళక్కకే తెలుస్తది, ఇంకెవ్వరికి తెల్వది. అక్క చర్ల దిక్కు మిరపకోతలకు పోయింది. మేస్త్రి నంబరు నా కాడ ఉంది."

ఇప్పపూల కాలమే మిరపకోతల కాలం. మా వైపు నుంచి ముఠాలు ముఠాలుగా సరిహద్దు దాటి తెలుగు ఊళ్ళకు వెళతారు. మేస్త్రికి ఫోన్ చేస్తే, అతను చేల గట్ల మీద పరుగెత్తి అక్కను పిలుచుకొచ్చాడు. ముందు ఫోన్లలో మామూలుగా ఉండే వీడియో యాప్‌తోనే ప్రయత్నించాం. బొమ్మ ఒక్క క్షణం కదిలి, శిలలా నిలిచిపోయేది. చెయ్యి ఎత్తినచోట ఒక బొమ్మ, దించినచోట ఒక బొమ్మ. మధ్యలో ఏం చెప్పిందో లేదు. ఆ యాప్‌లో మనం మార్చగలిగింది ఏదీ కనపడలేదు. సరేనని మా లింకు మేస్త్రి ఫోనుకు పంపాను. తాకాడు. అక్క ముఖం తెర మీదికి వచ్చింది.

చెల్లెలు మంచం మీద లేచి కూర్చుంది. ఆ ముఖంలో వచ్చిన వెలుగు నేను వర్ణించలేను. రెండు చేతులూ ఎత్తిందో లేదో, లైను సన్నబడింది. మేము రాసుకున్న నియమం తన పని తాను చక్కగా చేసింది. బొమ్మను ఆపేసి మాటను కాపాడింది. తెర మీద బూడిదరంగు గడి. అందులోంచి అక్క గొంతు స్పష్టంగా వస్తోంది. ఎవరికోసం ఆ ఫోన్ చేశామో ఆ ఒక్క మనిషికి తప్ప గదిలో అందరికీ వినపడుతోంది.

అక్క వెళ్ళిపోయిందనుకుంది ఆమె. తెర వైపు చేతులు ఊపింది, ఏడ్చింది. నేను బయటికొచ్చి తోంగ్‌పాల్ అమ్మాయికి ఫోన్ చేసి సంగతి చెప్పాను.

ఆమె కుర్చీ ముందుకు లాక్కున్న చప్పుడు వినపడింది. తర్వాత అంది: "దాదా, నేనొకసారి ఒకాయన రాసింది చదివాను. ఏ దేశమో తెలియదు. ఆయనకూ వినపడదట. స్పష్టంగా ఉండి ఆగిపోయే బొమ్మ మాకెందుకు, మసకగా ఉన్నా సరే కదులుతుండాలి అని రాశాడు. దాని మీద వాళ్ళంతా బోలెడు వాదించుకున్నారు. అది ఎలా చేయాలో కూడా అక్కడే ఉంది."

"ఇప్పుడు చేయగలవా?"

"డాక్టరమ్మను తన కెమెరా ఆపేయమను. ఉన్న లైనంతా ఆ అక్కాచెల్లెళ్ళకే ఇస్తాను. బొమ్మ అగ్గిపెట్టె అంత అవుతుంది, మసకబారుతుంది. కానీ ఆగదు. నేను చెప్పగానే ఇద్దరినీ పేజీ మళ్ళీ తెరవమను. రుకో దాదా, ఫోన్ పెట్టెయ్యకు."

ఫోన్లో ఆమె కీబోర్డు చప్పుడు వింటూ నేను వరండాలో నిలబడ్డాను. లోపల నర్సు చెల్లెలి పక్కన కూర్చుని ఆమె వీపు నిమురుతోంది. మధ్యలో ఒకసారి ఆ అమ్మాయి తనను తాను తిట్టుకుంది, ఏదో తప్పు పడినట్టుంది. మళ్ళీ చప్పుడు. చివరికి "ఇప్పుడు," అంది.

పేజీ మళ్ళీ తెరిచాం. అవతల మేస్త్రి కూడా తెరిచాడు. చిన్న గడిలో అక్క కనిపించింది. ముక్కూ ముఖం పోల్చుకోలేనంత మసక, వెనక మిరపచేను ఎర్రటి మరక. కానీ చేతులు కదులుతున్నాయి. ఆగకుండా, నీళ్ళలా కదులుతున్నాయి.

చెల్లెలు చెప్పింది. మోకాలి ఎత్తున అరచెయ్యి. చెంప కింద చెయ్యి. కళ్ళ ముందు ఆడే వేళ్ళు. అక్క కేక పెట్టింది. మాట తెగి తెగి వచ్చింది కానీ మాకు అర్థమైంది.

"పిల్ల! చిన్నపిల్లను పండవెట్టి వచ్చిందంట! మా నాయిన చెట్టు కాడ, గుడిసెల! కింద ఆకులకు నిప్పు వెట్టిందంట. అది ఆరకముందే నొప్పులొచ్చినయంట. ఎవలనన్న పిలుద్దామని బాటకొచ్చి పడ్డదంట!"

మోకాలి ఎత్తు పిల్ల. నిద్రపోతోంది. మంట.

మా వైపు ఇప్పపూలు ఏరేముందు చెట్టు కింద రాలాకులు తగలబెట్టి నేల శుభ్రం చేసుకుంటారు. పూల వాసనకు ఎలుగుబంట్లు కూడా వస్తాయి. నర్సు వెంటనే మితానిన్‌కు ఫోన్ చేసింది.

"అయ్యో, పిల్ల మేనత్త కాడ ఉందనుకున్న అక్కా!" అంది మితానిన్. ఇప్పచెట్లకూ మా దగ్గర ఇంటింటి హక్కులుంటాయి. ఫలానావాళ్ళ చెట్టంటే ఊరందరికీ తెలుసు. "వాళ్ళ నాయిన చెట్టు వాగు మలుపు కాడ. ఉరుకుతున్న," అని ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాత ఆ గదిలో జరిగిన సంభాషణంతా చేతులతోనే. ఇంజెక్షన్ చేయించుకోమని అక్క చెప్పింది. చెల్లెలు ముందు కాదంది. అక్క కోప్పడింది. చేతులతో కోప్పడడం నేనెప్పుడూ చూడలేదు. ఆ మసక గడిలోంచి కూడా ఆ కోపం తెలిసింది. చెల్లెలు చెయ్యి చాపింది. కానీ పిల్ల కనపడేదాకా బండి ఎక్కనని తేల్చి చెప్పింది. డాక్టరమ్మ గొంతు వినిపించింది: "సరే. మందు పనిచేస్తోంది. బీపీ చూస్తూ ఉండండి. నేను ఇక్కడే ఉంటాను." బయట ఆమె కోసం ఎందరు కాచుకుని ఉన్నారో, ఆమె మాత్రం లేవలేదు. డ్రైవరు బండి తలుపులు తెరిచి పెట్టి, ఇంజను ఆపకుండా కూర్చున్నాడు.

ఎంతసేపు గడిచిందో చెప్పలేను. మితానిన్‌కు అదే లింకు పంపి ఉంచాం. తెర మీద కొత్త గడి తెరుచుకుంది. మొదట ఆకాశం, ఆ తర్వాత ఒక చెవి, ఆ తర్వాత మితానిన్ ముఖం. ఊరి బడి దగ్గర సిగ్నల్ అందే చోటికి ఎక్కి ఆయాసపడుతోంది. చంకలో పిల్ల. ముఖమంతా బూడిద. పిడికిట్లో ఇప్పపూలు, నోట్లో ఇప్పపూలు.

"గుడిసె చుట్టూ ఆకులన్ని ఊడ్చి వెట్టిందక్కా ఈమె," అంది మితానిన్. "చుట్టూరా కాలింది, గుడిసె కాడికి మాత్రం మంట రాలే. నేను పోయేసరికి లేసి కూసోని తింటాంది!"

తల్లి తెర వైపు వంగి చాలాసేపు చూసింది. తర్వాత తన చెంప మీద అరచెయ్యి గట్టిగా రుద్దుకుంది, మళ్ళీ మళ్ళీ. ఏమైందోనని మేము అక్క వైపు చూశాం. అక్క నవ్వుతోంది, ఏడుస్తోంది.

"ఏం లే. పిల్ల మొకం కడుగుమంటాంది."

అప్పుడు ఆమె మంచం దిగింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచి అంబులెన్సు ఎక్కింది.

బీజాపూర్‌లో ఆపరేషన్ అయింది. మగపిల్లవాడు. తల్లి కోలుకోవడానికి చాలా రోజులు పట్టింది కానీ కోలుకుంది. కబురు తెలిసి నగర్‌నార్ నుంచి భర్త వచ్చాడు. నర్సు నాకు ఫోన్ చేసి ఇవన్నీ చెప్పింది. నేను తోంగ్‌పాల్ అమ్మాయికి చెప్పాను. సంబరపడుతుందనుకున్నాను. సంబరపడింది కూడా, కానీ ఆ వెంటనే అన్న మాట ఇది: "దాదా, ఆ హడావుడిలో కోడ్ చాలా గలీజుగా రాశాను. దాన్ని సరిగ్గా రాయాలి."

రాసింది. ఈసారి తెర మీద ఒక మీట పెట్టింది, దాని మీద చెయ్యి బొమ్మ. అది నొక్కితే చాలు, లైను ఎంత సన్నబడినా బొమ్మ చిన్నదవుతుంది కానీ ఆగదు. ఆ మార్పును, మొదట ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళకు తిరిగి పంపింది. వాళ్ళు ఊరికే పుచ్చుకునే రకం కాదు. ఇదెవరికి కావాలని ఒకరు అడిగారు. ఆమె నాలుగు వాక్యాల్లో ఇప్పచెట్టు కింది పిల్ల సంగతి రాసింది. ఆ తర్వాత అవసరం గురించి ఎవరూ మాట్లాడలేదట. కోడ్‌లోని అదనపు వరుసల మీద, పేర్ల మీద, చుక్కల మీద మాత్రం కొన్ని వారాలు వాదించారు. ఒకరు ఆమె తప్పు పట్టుకున్నారు, ఆమె వాళ్ళ తప్పు పట్టుకుంది. చివరికి తీసుకున్నారు. ఆ రోజు మెట్ల కింద గదిలో ఆమె అందరికీ జిలేబీ పెట్టింది. ఎందుకో ఆఫీసులో సగంమందికి తెలియదు. తిన్నారు.

పిల్లలూ, మాటను ముందు కాపాడాలని మేము తీసుకున్న నిర్ణయం తెలివితక్కువది కాదు. ఇప్పటికీ ఎక్కువమందికి అదే సరైనది. కాకపోతే ఆ నిర్ణయం తీసుకున్న గదిలో మాట వినపడని మనిషి ఒక్కరూ లేరు. ఆ లోటు తీర్చింది ముక్కూమొహం తెలియని ఒక మనిషి. తన బాధ నలుగురూ చూసేచోట రాసిపెట్టాడు. మరికొందరు దాన్ని పట్టించుకుని వాదించారు. తోంగ్‌పాల్ అమ్మాయి అన్నం తింటూ అది చదివింది. కోడ్‌కు తాళం వేసి ఉంటే ఆమె ఎంత చదివినా ఏం లాభం? నేను ఉద్యోగమంతా స్తంభాలూ తీగలూ లెక్కపెట్టుకున్నాను. మనుషులు ఒకరినొకరు చూడకుండానే ఇంత దగ్గరగా పనిచేస్తారని ఆఖర్లో తెలుసుకున్నాను.

నేను రిటైరయ్యే ముందు మళ్ళీ మిరపకోతల కాలం వచ్చింది. అక్క చర్ల వైపు వెళ్ళింది. ఒక సంత రోజున నేను ఆ ఆసుపత్రికి వెళ్ళేసరికి, కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు వరండాలోనే నన్ను పట్టుకున్నాడు.

"మంచి సమయానికి వచ్చారు సార్. గదిలో స్పీకర్ చెడిపోయింది. బొమ్మ వస్తోంది, సౌండ్ అసలు లేదు. పాపం ఆవిడ ఎంతసేపటి నుంచో కూర్చుని ఉంది."

కిటికీలోంచి చూశాను. తెర ముందు ఆమె కూర్చుని ఉంది. ఒళ్ళో పసివాడు నిద్రపోతున్నాడు, పక్కన పిల్ల కుర్చీ ఎక్కి నిలబడింది. చిన్న మసక గడిలో అక్క. ఇద్దరి చేతులూ ఒకదాని మీద ఒకటి దూసుకుపోతున్నాయి. ఏమనుకున్నారో ఏమో, ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. చప్పుడు లేదు.

నేను జవాబు చెప్పేలోపే నర్సు మందుల ట్రే పట్టుకుని మా పక్కనుంచి వెళుతూ అంది:

"ఏం చెడిపోలే సార్. అక్కచెల్లెండ్లు ముచ్చట వెట్టుకుంటాండ్రు."